వెనక స్క్రూ

“ఊదితే పేలాలి,” అన్నాడు కాంట్రాక్టర్, ఆటలో రంగు గుళ్లు పేల్చే పెయింట్‌బాల్ గన్ తెచ్చి మెకానిక్ ముందు బల్లమీద పెడుతూ. “దీని ట్రిగ్గర్ పీకేసి ఇది బిగించు.”

జేబులోంచి కొత్త ట్రిగ్గర్ తీశాడు. వేరే కంపెనీది, రెండు వేళ్లు పట్టేంత పొడుగు. మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

“బిగిస్తాను సార్. కానీ మరీ అంత తేలిగ్గా పెట్టకూడదు. ఎదుటివాళ్లు మాస్క్ తీసి ఉంటే కన్ను పోతుంది.”

“అందుకే కదా పెట్టమంటున్నది.”

నవ్వుతాడేమోనని మెకానిక్ చూశాడు. నవ్వలేదు. కాలర్ కిందికి లాగి మెడ వెనకభాగం చూపించాడు. నిమ్మకాయంత మేర కమిలిపోయి ఉంది.

“పోయిన ఆటలో ఔటయ్యానని చెయ్యెత్తి నడిచిపోతుంటే వెనకనుంచి కొట్టాడొకడు. పసుపు బూట్లవాడు. అందరూ నవ్వారు. నా కింద పనిచేసేవాళ్లు కూడా నవ్వారయ్యా. ఇవాళ ఆట అయ్యాక వాడు మాస్క్ తీస్తాడు కదా. పాపం, ట్రిగ్గర్ మరీ తేలిగ్గా ఉంది, చెయ్యి జారింది అనుకుంటారు.”

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ పసుపు బూట్లు కొనిచ్చింది తనే. అవి తొడుక్కు తిరిగేది తన తమ్ముడు. మొన్న భోజనాల దగ్గర వాళ్ల వదినకి ఈ ఘనకార్యమే చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు వెధవ.

“ఏంటి ఆలోచిస్తున్నావు? నీవల్ల కాదంటే చెప్పు, మలుపులో ఇంకో షాపుంది.”

మెకానిక్ మలుపు వైపు చూశాడు. తను కాదంటే ఆ షాపువాడు ఇట్టే చేసిస్తాడు. పోయే కన్ను ఎవరిదో వాడికేం పట్టింది? పోనీ వాడు నా తమ్ముడు, వదిలెయ్యండి అని కాళ్లు పట్టుకుంటే? ఆ ముఖం చూస్తే వదిలే ముఖంలా లేదు.

“చేస్తాను సార్. కూర్చోండి.”

పాత ట్రిగ్గర్ పిన్ను తట్టి తీశాడు. కొత్తది సరిగా దిగలేదు. ఆకురాయితో దాని అంచు రాశాడు. పిన్ను జారి కిందపడింది. వెతికి తీసి పెడితే మళ్లీ పడింది.

“ఏమయ్యా, పనికి కొత్తా?”

“పొద్దున్నుంచీ ఏమీ తినలేదు సార్.”

ఈ రకం ట్రిగ్గర్లకి రెండు చిన్న స్క్రూలుంటాయి. ముందుది బిగిస్తే ట్రిగ్గర్ పేలే చోటికి దగ్గరగా వచ్చి కూర్చుంటుంది, వేలు తగిలితే చాలు. వెనకది ట్రిగ్గర్ ఎంతదాకా వెళ్లాలో అంతదాకా వెళ్లనిచ్చి ఆపుతుంది. మెకానిక్ ముందు స్క్రూ బిగించి, గాలి సిలిండర్ తగిలించి, రంగు గుళ్లు వేయకుండా గన్ అతని చేతికిచ్చాడు.

కాంట్రాక్టర్ చిటికెనవేలు ఆనించాడు. ఠప్పుమంది. గోడకేసి గురిపెట్టి మళ్లీ ఆనించాడు. మళ్లీ ఠప్పుమంది. అతని కళ్లలో సంతోషం చూసి మెకానిక్ గన్ కోసం చెయ్యి చాపాడు.

“ఇలా ఇవ్వండి, ఇంకాస్త నున్నగా చేసిస్తాను.”

సిలిండర్ విప్పేసి, కాంట్రాక్టర్‌కి కనపడకుండా వీపు అడ్డం పెట్టి, వెనక స్క్రూని లోపలికంటా తిప్పేశాడు. ఇక ట్రిగ్గర్ పేలే చోటికి వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది. ఎంత నొక్కినా అంతే సంగతులు.

గన్ అందుకుంటూనే కాంట్రాక్టర్ మళ్లీ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు. మెకానిక్ గబుక్కున అడ్డుపడ్డాడు.

“సిలిండర్ విప్పేశాను సార్. ఇప్పుడు పేలదు.”

“సరేలే, అక్కడే చూసుకుంటా,” అని కాంట్రాక్టర్ గన్ సంచిలో దోపుకుని కారెక్కాడు.

కారు మలుపు తిరగ్గానే మెకానిక్ తమ్ముడికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆటకి దిగితే వాడి ఫోను సంచిలోనే పడుంటుంది. మళ్లీ చేశాడు. మళ్లీ ఎత్తలేదు. గంటన్నరసేపు అలా చేస్తూనే ఉన్నాడు. ఎందుకయ్యా భయం, పేలని గన్‌తో ఏం చేస్తాడు, అని తనకి తనే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే షట్టర్ దించేసి, స్కూటర్ మీద మైదానం దారి పట్టాడు. ఊరు దాటకముందే ఫోన్ మోగింది. బండి పక్కకి తీసి ఎత్తాడు.

“ఏంటన్నయ్యా, అన్నిసార్లు చేశావు? ఇప్పుడే ఆట అయింది.”

తమ్ముడి గొంతు వినగానే మెకానిక్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. “బాగానే ఉన్నావా?”

“నాకేం, గెలిచాం కూడా. విను, నువ్వు మెచ్చుకునే పని చేశా ఇవాళ. మొన్న నేను వెనకనుంచి కొట్టానే, ఆ పెద్దాయన గన్ ఆటంతా ఒక్కసారీ పేలలేదు. పాపం, బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. సారీ చెప్పి, నేనే తీసుకుని చూశా. ఎవడో చేతకానివాడు వెనక స్క్రూ లోపలికంటా తిప్పేశాడన్నయ్యా. నీ దగ్గర నేర్చుకున్నది ఊరికే పోతుందా, సరిచేసి ఆయన చేతికిచ్చా. ఇప్పుడు దివ్యంగా పేలుతోంది.”

“మాస్క్,” అన్నాడు మెకానిక్. “ఒరేయ్, ముందు మాస్క్ పెట్టుకోరా.”

“అది పెట్టుకుంటే నీతో ఎలా మాట్లాడను? ఒక్క నిమిషం ఉండు, పెద్దాయనే గన్ పట్టుకుని ఇటొస్తున్నాడు, థాంక్స్ చెప్పడానికనుకుంటా.”