జరమని చెప్పి

బండిలో పరిచిన వరిగడ్డి పాపయ్య కింద ఎర్రబడుతోంది.

అతని పెళ్లాం సాయమ్మ పక్కనున్న పొడిగడ్డి లాగి దాని మీద కప్పింది. కాసేపటికి అదీ తడిసింది.

మొలలకు కోత పెట్టిన సూర్యాపేట డాక్టరు, వారం దాకా మంచం దిగొద్దన్నాడు. పాపయ్య వింటేనా. గరిడేపల్లి పోయే బండి దొరికిందని మధ్యలోనే లేచి వచ్చేశాడు.

ఆ బండి తమ ఊరి పిచ్చయ్యది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే జరమొచ్చి దవాఖానకు పోయామని చెప్పారు.

"ఎనక్కి తిప్పమందమయ్యా," అంది సాయమ్మ, గొంతు తగ్గించి.

"ఎందుకంటే ఏం జెప్తవ్? సప్పుడు చెయ్యకు."

అతని పెదవులు పాలిపోతున్నాయి. ఆమె కూర్చోలేకపోతోంది, లేవలేకపోతోంది. ఈ మొండిమనిషికి ప్రాణం కన్నా సిగ్గే ఎక్కువైందని లోలోపల తిట్టుకుంది. తిడుతుంటేనే ఏడుపొచ్చింది.

మలుపులో మిలిటరీవాళ్లు బండి ఆపారు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. తూటా తగిలిన కమ్యూనిస్టు సంఘం దళాలవాళ్ల కోసం ఏ బండినీ వదలడం లేదు.

ఒక జవాను తుపాకీ మొనతో గడ్డి తిరగేశాడు. కింద నెత్తురు.

"గోలీ ఎక్కడ తగిలింది?" అన్నాడు వచ్చీరాని తెలుగులో. "సంఘపోడివా?"

ముందు కూర్చున్న పిచ్చయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు.

పాపయ్య అతన్ని చూసి తల దించుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

జవాన్లు రెక్క పట్టుకుని కిందికి లాగారు.

"గోలీ కాదు సారూ," అంటూ సాయమ్మ అడ్డం పడింది. "మొలలు కోసిన్రు. కూసునే కాడ నెత్తురు కారుతున్నది. నమ్మకుంటే గుడ్డ ఇప్పి సూస్కోన్రి."

చూశారు. నవ్వుకున్నారు. పొమ్మన్నారు.

పాపయ్య మొహం గడ్డిలో పెట్టుకుని పడుకున్నాడు.

పిచ్చయ్య బండిని సూర్యాపేట వైపు తిప్పి ఎద్దుల తోకలు మెలిపెట్టాడు.

"సాయమ్మా," పాపయ్య గొంతు లోపలికి పోయింది. "పిచ్చయ్య బావ ఇన్నడా?"

ఆమె మళ్లీ గుప్పెడు పొడిగడ్డి లాగి అతని కింద దూర్చింది.

"చెల్లె," అన్నాడు పిచ్చయ్య, వెనక్కి చూడకుండానే. "జరం ఎక్కువైనట్టున్నది. బావను గట్టిగ పట్టుకో."