రాజుగారి ఆనవాలు

"ముఖం చూసి లాభం లేదు. గుర్రాలు తొక్కేశాయి," అన్నాడు యుద్ధంలో గెలిచిన అఫ్షన్. "కాళ్లో చేతులో చూసి చెప్పు. వీడు మా అన్న కొడుకు ఇదిరేనా, కాదా?"

రాజుల సమాధి ముందు, ఎండలో, శవం మీద గొర్రెతోలు కప్పి ఉంచారు. నెత్తురు ఎండి బిరుసెక్కిన రాజు అంగీ అంచు కొంచెం బయటికి కనిపిస్తోంది. ముసలి దాది ఇట్టో పక్కనే గొంతుక్కూర్చుంది. కొండ మీంచి గాలి తెరిపి లేకుండా కొడుతోంది. వెనకాల, బయల్దేరడానికి సిద్ధంగా నిలిపిన గుర్రాలు కాలు నిలవక నేలను గోకుతున్నాయి.

"ఆ గుర్రాలెందుకు ప్రభూ?"

"వీడు ఇదిర్ కాకపోతే, ఇదిర్ దక్షిణానికి పారిపోయినట్టే. ఎవడో ఒంటరిగా ఉప్పుచెరువుల వైపు పోతుంటే గొర్రెలకాపరులు చూశారట."

ఇట్టో రెండు చేతులూ జోడించింది.

"వాడు మా మెన్నాద్ ప్రభూ! నా కొడుకు. రాజుగారి గుర్రాలు చూసుకునేవాడు. ఓడిపోయామని తెలియగానే పారిపొమ్మని నేనే చెప్పాను."

"రాజును వదిలేసి పారిపోయాడా? మంచి మగాణ్ణే కన్నావు!"

సైనికులు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఆమె తలెత్తలేదు.

ఈ గుర్రాలు కదిలాయంటే ఆ దారిన పోయినవాడు బతకడు. అది నీళ్లు దొరకని దారి. అలిసిపోయిన ఒక్క గుర్రంతో ఎంత దూరం పోగలడు? ఆమె పాలు తాగి, ఆమె ఒళ్లో నిద్రపోయి పెరిగిన పిల్లవాడు. ఒక గుర్రం గట్టిగా సకిలించింది. ఇట్టో ఇక ఆగలేకపోయింది. పాదాల మీద తోలు పక్కకు లాగింది.

ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని చాలాసేపు చూసింది.

"రాజుగారే," అంది. "ఈ చిటికెనవేలు పక్క వేలి మీదికెక్కి ఉంది చూడండి. పుట్టినప్పటినుంచీ ఇంతే. నడక నేర్పేటప్పుడు నూనె రాసి రాసి నా చేతులు పడిపోయేవి."

"అబద్ధం చెప్పావో, నాలుక కోయిస్తాను."

"పురిట్లోనే తల్లి పోతే రాజుగారిని పెంచిందాన్ని. నాకంటే ఎవరికి తెలుస్తుంది ప్రభూ?"

అఫ్షన్ వంగి ఆమె కళ్లలోకి చూశాడు.

"మరి ఏడవ్వేం?"

"మా మెన్నాద్ బతికున్నాడుగా. నాకది చాలు."

అఫ్షన్ పెద్దగా నవ్వి చెయ్యి ఊపాడు. "గుర్రాలకు నీళ్లు పెట్టండి. ఇంక ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. రాజు నేనే!"

ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె ఇట్టో కాళ్ల ముందు తుపుక్కున ఉమ్మింది. "పాలిచ్చి పెంచినదానివి, ఒక్క చుక్క కన్నీరు రాల్చలేకపోయావటే? ఎవరేమైపోయినా నీ కొడుకు క్షేమంగా ఉంటే చాలా?"

ఇట్టో అఫ్షన్ వైపే తిరిగింది.

"ప్రభూ, ఒళ్లు కడిగి, ఆచారం ప్రకారం ఎర్రమన్ను నేను పూస్తాను. ఇంకెవరూ ముట్టుకోవద్దు."

"కానియ్. త్వరగా!"

శవాన్ని మోసుకుంటూ వంగి నడవాల్సిన ఇరుకు దారిలోంచి లోపలికి వెళ్లారు. తరతరాల రాజులు పడుకున్న గది. అందరినీ బయటికి పంపేసి ఇట్టో దీపం దగ్గరికి జరుపుకుంది. నుదుటి నుంచి అరికాళ్ల దాకా ఎర్రమన్ను పూసింది. చేతులు సరిగ్గా పెట్టింది. సరిగ్గా లేవనిపించి మళ్లీ సర్దింది. తల పక్కన బార్లీ రొట్టె, గిన్నెడు పాలు పెట్టింది. లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి గిన్నెను ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఇంకెంతసేపే ముసలీ?" బయటినుంచి కేక.

ఆమె వంగి ఆ చెవిలో ఏదో చెప్పింది. తర్వాత బయటికొచ్చింది. దారికి అడ్డంగా రాళ్లు పేర్చి, పైన మన్ను కప్పేశారు.

అందరూ విందుకు వెళ్లిపోయారు. ఇట్టో అక్కడే నిలబడి దక్షిణం వైపు చూసింది. ఎక్కడా దుమ్ము లేవడం లేదు. అప్పుడు రాళ్ల మీద తల ఆనించి, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, గొంతు బయటికి రాకుండా ఏడ్చింది.

లోపల పడుకున్నది మెన్నాద్.