ఎదుటి షాపు

నందిగామలో షాపు ముందు బండి ఆపి తలెత్తిన లక్ష్మీకాంత్‌కి ఒళ్ళు మండిపోయింది.

రోడ్డుకి అవతల, ఎదుటి సూపర్‌మార్కెట్ గుమ్మం మీద కొత్త ఫ్లెక్సీ రెపరెపలాడుతోంది. ‘నువ్వుల నూనె డబ్బా కొంటే ఆవకాయ జాడీ ఉచితం.’ అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు రాయించిన ఫ్లెక్సీ చుట్టచుట్టి అతని చంకలో ఉంది.

లక్ష్మీకాంత్ ఈ వైపు సూపర్‌మార్కెట్‌కి మేనేజరు. రిటైల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేశాడు. అంత చదువూ చదివి పప్పులమ్ముకుంటున్నాడని బంధువులు వెనకాల నవ్వుకుంటారు. అతనికి మాత్రం ఆ పనంటే ప్రాణం. బిస్కట్లు ఏ అరలో పెడితే పిల్లలు చూస్తారో, ఏ అరలో పెడితే తల్లులు కొనక తప్పదో గంటలకొద్దీ చెప్పగలడు. వినేవాళ్ళు దొరకాలి, అంతే.

కిందటి నెలలో ఓనరు దశరథరామయ్య విజయవాడ నుంచి వచ్చి అతన్ని పక్కకి పిలిచాడు.

“జగ్గయ్యపేటలో రెండంతస్తుల బ్రాంచి పెడుతున్నామయ్యా. ఈ ఆవకాయ సీజన్లో ఆ ఎదుటి షాపుని దాటి చూపించు. అక్కడ మేనేజరువి నువ్వే.”

లక్ష్మీకాంత్ ఉండేది జగ్గయ్యపేటలోనే. సొంత ఊళ్ళో, రెండంతస్తుల షాపు తన చేతికింద. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి వేరే ధ్యాస లేదు.

కానీ ఏం తలపెట్టినా ఎదుటి షాపు ఒక పూట ముందుంటోంది. కారం, ఆవపిండి, మెంతులు కలిపి ఒకే సంచిలో అమ్ముదామనుకున్నాడు. తెల్లారేసరికి ఆ సంచులు వాళ్ళ గుమ్మంలో గుట్టగా ఉన్నాయి. ఇప్పుడేమో జాడీ.

“మనలో ఎవరో అక్కడికి మాటలు మోస్తున్నారు ఎడ్విన్,” అన్నాడు స్టోరు చూసుకునే అతనితో.

“నాకైతే రూబీ మీద అనుమానం సార్.”

గంట పోయాక బిల్లింగ్ కౌంటర్లో ఉండే రూబీని అడిగాడు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి ఎడ్విన్ పేరు చెప్పింది.

ఇంట్లోంచి పొక్కే ప్రశ్నే లేదు. పెళ్ళయిన కొత్తలోనే భార్య కృష్ణప్రియ షరతు పెట్టింది. “గడప లోపల షాపు ఊసెత్తారంటే ఆ పూట వంట మీదే,” అంది. అతనికి కాఫీ కలపడం కూడా రాదు. అందుకే ఆ షరతుని నోములా పాటిస్తున్నాడు. ఆమె కూడా ఏనాడూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున కృష్ణప్రియ ఆవలిస్తూ రెండు క్యారియర్లు సర్దుతోంది.

“నిద్ర చాలలేదా?” అన్నాడు.

“ఏం చాలుతుంది లెండి,” అని ముసిముసిగా నవ్వింది. “త్వరగా తెమలండి. నాకు బస్సు టైమవుతోంది.”

అతను రోజూ చిల్లకల్లు గోడౌన్ మీదుగా వెళ్ళాలి కాబట్టి బండి మీదే పోతాడు. ఆ రోజు దారిలో మెరుపులాంటి ఆలోచన తట్టింది. ఆవకాయ పెట్టడంలో అందరినీ ఏడిపించేది టెంకతో సహా కాయ కొట్టడం. కాయలు మా దగ్గర కొనండి, ముక్కలు ఊరికే కొట్టించి ఇస్తామంటే?

ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఎడ్విన్‌కి చెప్పలేదు, రూబీకి చెప్పలేదు. ఫ్లెక్సీ రాయించలేదు. కాయ కొట్టేవాళ్ళని కూడా రేపు వెళ్ళాకే పిలుద్దామనుకున్నాడు. రోజంతా నోరు కట్టేసుకుని, ఇంటికెళ్ళి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి నందిగామలో బండి దిగేసరికి ఎదుటి షాపు ముందు షామియానా వేసి ఉంది. నలుగురు మనుషులు కత్తులు ముందేసుకుని టకటకా కాయలు కొడుతున్నారు. బేసిన్లు పట్టుకున్న ఆడవాళ్ళ వరస మలుపు దాకా సాగింది.

“సార్, ఇది మాకు కూడా తెలీదు కదా,” అంది రూబీ నెమ్మదిగా.

లక్ష్మీకాంత్ సిగ్గుపడ్డాడు. ఇద్దరికీ పునుగులు తెప్పించి, అనుమానించినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. వాళ్ళు పునుగులు తిన్నారు గానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

సాయంత్రం దశరథరామయ్య ఫోన్ చేశాడు.

“ఆ ఎదుటి మేనేజరుది బుర్రంటే బుర్రయ్యా. జగ్గయ్యపేట బ్రాంచికి ఆ మనిషినే మాట్లాడేశా. ఇందాకే ఒప్పుకున్నారు. నువ్వేం దిగులు పడకు, నందిగామలో ఇంక నీకు పోటీయే ఉండదు.”

లక్ష్మీకాంత్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సగం దారి దాకా ఏడుపే వచ్చింది. చిల్లకల్లు దాటాక ఎందుకో నవ్వొచ్చింది. అయినా ఒక్క సంగతి మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి కృష్ణప్రియ కూడా అప్పుడే వచ్చినట్టుంది. చెప్పులింకా విప్పలేదు. బల్లమీద మిఠాయి పొట్లం ఉంది.

“నేనెవరికీ చెప్పలేదు ప్రియా,” అన్నాడు కుర్చీలో కూలబడుతూ. “ఒక్క మనిషికి కూడా చెప్పలేదు. ఎలా తెలిసింది?”

“ఇంట్లో షాపు మాట నేనెప్పుడూ ఎత్తలేదు, రోజూ రాత్రి నిద్రలో కలవరించేది మీరే కదండీ,” అంది కృష్ణప్రియ, మెడలోంచి ఎదుటి షాపు మేనేజరు కార్డు తీసి మేకుకి తగిలిస్తూ.