కోచ్ మాట విన్నారు

ఫుట్‌బాల్ ఆట సగం అయ్యేసరికి జట్టు మీద మూడు గోల్స్ పడ్డాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ డిఫెన్స్ నలుగురినీ నిలబెట్టి కడిగేశాడు.

"నోళ్లు ఎందుకున్నాయిరా మీకు? ఒకరితో ఒకరు మాట్లాడుకోండి."

వాళ్లలో పెద్దవాడు నోరు తెరిచాడు. "సార్, మీరు ముందుకెళ్లమన్నప్పుడల్లా వెనక ఖాళీ..."

"నాకు చెప్పకు. నేను చెప్పింది విను."

నలుగురూ బూట్ల లేసులు బిగించుకుంటూ గుసగుసగా మాట్లాడుకున్నారు.

రెండో సగమంతా కోచ్ గీత పక్కన నిలబడి అరిచాడు. అరవడంలో పడి ఆట సరిగా చూడనే లేదు. జట్టు మీద ఇంకొక్క గోల్ కూడా పడలేదు. ఫార్వర్డ్‌లు నాలుగు కొట్టి గెలిపించారు.

కోచ్ పొంగిపోయి పెద్దవాడి భుజం తట్టాడు. "చూశావా, నా మాట వింటే ఎలా ఉంటుందో?"

"ఒక్కటి కూడా వదల్లేదు సార్," అన్నాడు వాడు వినయంగా.

నిజమే. ఆయన ముందుకనగానే వెనక్కి, కుడికనగానే ఎడమకు కదలాలంటే చెవులు రిక్కించి వినక తప్పదు మరి.