బురుజు కార్డు

“మేడం, జర ఇంకోసారి చూడుండ్రి. ఈ పిల్ల నాకు నచ్చింది” అన్నాడు ఆకాశ్.

పక్కనే అతని తల్లి సుమంగళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద జోస్యం చెప్పే టారో కార్డు ఒకటి వెల్లకిలా పడి ఉంది. పిడుగు పడి కూలుతున్న బురుజు, దాని మీంచి తలకిందులుగా పడుతున్న ఇద్దరు మనుషులు. దాన్ని చూపించి శుభం అని చెబితే ఎవరూ నమ్మరు.

బల్లకు అవతల ప్రగతి, కళ్ళు తప్ప ముఖమంతా స్కార్ఫు చుట్టుకుని కూర్చుంది. ఊపిరి తగిలితే కార్డులు మాట తప్పుతాయని వచ్చినవాళ్ళకు చెబుతుంది. వాళ్ళూ నమ్ముతారు. నాందేడ్‌లో తెలుగులో కార్డులు చెప్పేది ఆమె ఒక్కతే మరి, ఆమాత్రం నమ్మకపోతే ఎలా?

అసలు సంగతి వేరు. ఒకప్పుడు ఈ ఆకాశ్‌తోనే ఆమెకు పెళ్ళి నిశ్చయమైంది. “పిల్ల పేరు మీద కార్డులల్ల చెడు అచ్చింది” అని సుమంగళ ఒక్క ఫోన్‌తో సంబంధం తెంపేసింది. సొంతూరు దెగ్లూరంతా ప్రగతిని అరిష్టం అంది. ఏ కార్డులు తన బతుకులో మన్ను పోశాయో ఆ కార్డులే పట్టుబట్టి నేర్చుకుంది. నాందేడ్‌లోని వజీరాబాద్ బజారులో వాళ్ళ బట్టల దుకాణానికి కూతవేటు దూరంలో గది తీసుకుని కాచుకుంది. సుమంగళ రానే వచ్చింది. అప్పట్నుంచీ ఆకాశ్‌కు వచ్చిన ప్రతి సంబంధాన్నీ ప్రగతి ఆ బురుజు కిందే పూడ్చిపెడుతోంది.

“సరే, ఎడమ చేత్తోని కొయ్యి” అంది గొంతు బొంగురు చేసి.

ఆకాశ్ కార్డుల కట్టను రెండుగా కోశాడు. ఎటు కోస్తేనేం? కార్డుల అర్థాలకంటే ముందు ప్రగతి నేర్చిన విద్య, కావలసిన కార్డును పైకి తేవడమే. తిప్పింది. మళ్ళీ బురుజే.

“మల్ల గదేనా!”

“ఆ భోకర్ ఊరి పిల్ల మంచిదే. కాని మీ గడపల కాలు పెట్టిందంటె మీ దుకాణం షట్టర్ దిగుతది. మల్ల లేవది.”

“అయ్యో నా కొడుకా! నీ పెండ్లి చూడకుంటనే పోతనేమో!” సుమంగళ ముక్కు చీదుతూ ఏడ్చింది.

ఆ ఏడుపు వింటుంటే ప్రగతికి కడుపు చల్లబడింది. ఏడువు, ఇంకా ఏడువు. మా అమ్మ కూడా ఇలాగే ఏడ్చింది.

ఆకాశ్ లేచాడు. “అయిపాయె. ఇగ నా దగ్గర పెండ్లి ముచ్చట ఎవ్వలు తియ్యద్దు. జన్మల చేస్కోను.”

“గట్ల అనకు బిడ్డా!”

“నువ్వేడ్వకే అమ్మా. నా రాత గట్లుంటె నీ తప్పేమున్నది?” తల్లి భుజం తట్టాడు. “బండి తీస్త, రా.”

అతను మెట్లు దిగిపోయాడు. ప్రగతి గెలిచింది! ఇక ముఖం చూపించి, ‘నీ కొడుకు పెండ్లి చెడగొట్టింది నేనే’ అని చెప్పి, సుమంగళ కుప్పకూలితే కళ్ళారా చూడాలి. స్కార్ఫు ముడి మీద చెయ్యి వేసింది.

మెట్ల మీద కొడుకు అడుగుల చప్పుడు ఆగేదాకా సుమంగళ విన్నది. కళ్ళు తుడుచుకుని, లేచి తలుపు దగ్గరగా వేసింది.

“విప్పకు ప్రగతీ. వాడు మల్ల పైకస్తె గుర్తుపడ్తడు.”

ప్రగతి చెయ్యి ముడి మీదే నిలిచిపోయింది. “నీకు... ఎప్పటి సంది తెలుసు?”

“మొదటి దినం సంది. నిశ్చయం నాడు ఆ కండ్లకు కాటుక పెట్టింది నేనే గాదు?”

“తెలిసి గూడ ఎందుకస్తున్నవ్? నీ కొడుకు పెండ్లి కాకుంట చేస్తున్న గద!”

సుమంగళ కొంగు సర్దుకుంది. గొంతులో ఏడుపు జాడే లేదు.

“కోడలు అస్తె గల్ల పెట్టె తాళం పోతది, ఎన్కనే కొడుకు పోతడు. నేను వద్దంటె వాడు నన్ను ఇడిశిపెట్టి పోతడు. కార్డులు వద్దంటె నా ఒళ్ళె తలపెట్టి ఏడుస్తడు.”

“మరి నా సంబంధమప్పుడు... ఆ కార్డులు తీసిందెవ్వలు?”

“ఎవ్వలు తియ్యలే. అప్పుడంటె అబద్ధం నేనే ఆడాల్సి అచ్చింది. ఇప్పుడు నువ్వున్నవ్ గద, బిడ్డా.”