గరిటె పెట్టని పులుసు

"గరిటె పెట్టకండీ!" అని పడకగదిలోంచి కేకేసింది సూర్యావతి.

అప్పటికే పెట్టేశాడు మాధవరాజు. పులుసులో కొట్టి పోసిన గుడ్డు కాస్తా చితికిపోయి, పచ్చసొన కలిసిపోయి, గిన్నెలో పులుసంతా వరదనీరులా అయింది.

"పెట్టలేదే!" అని అబద్ధమాడాడు.

"చప్పుడు వినబడింది లెండి. అది పక్కన పెట్టి, మళ్ళీ మొదలెట్టండి."

చేపల చెరువు గట్టు మీద నిలబడి అందరిచేతా పని చేయించే మనిషి, పొయ్యి ముందు ముచ్చెమటలు కక్కుతున్నాడు. తుంటికి ఆపరేషనయ్యాక భార్య మంచం దిగడం లేదు. ఎముక అతుక్కుంది, ఇక నడవాల్సిందేనని డాక్టరు మొత్తుకుంటున్నాడు. "కాలు కింద పెడితే మళ్ళీ పడిపోతానండీ" అని ఆవిడ ఏడుపు. ఇలాగే ఉండిపోతే జన్మలో లేవదేమోనని ఈయన బెంగ. పైగా ఆవిడ పొద్దుటినుంచి మెతుకు ముట్టలేదు. చివరికి, వాళ్ళమ్మ చేసినట్టు గుడ్డు కొట్టి పోసిన పులుసైతే రెండు ముద్దలు తింటానంది. పాపం, ఆ ఒక్కమాటకే వంటింట్లోకి పరిగెత్తాడు.

"మరుగుతోందే! ఇప్పుడేం చెయ్యాలి?"

"మంట తగ్గించండి. గుడ్డు చిన్న గిన్నెలో కొట్టుకుని మెల్లగా జారవిడవండి. మూతపెట్టి ఊరుకోండి."

జారవిడిచాడు. మూతపెట్టాడు. ఊరుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. మూత తీసి చూశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"ఊరుకోమన్నానా!"

"అడుగంటుతుందేమోనే!"

"అయితే మసిగుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పండి. అబ్బ, అంత ఊపుడా! వల లాగుతున్నారా ఏంటి?"

ఈసారి మెల్లగా తిప్పాడు.

"ఆఁ, అలాగ. అంచున తెల్లసొన బిగిసింది. మధ్యలో ఇంకా వణుకుతోంది, కాస్త ఆగండి."

మసిగుడ్డ భుజాన వేసుకుని ఆగాడు. ఇదీ చెడితే ఆవిడ ఈ పూటా పస్తే.

"ఇక చాలు, దించండి. అయ్యో, వట్టి చేత్తోనా? మసిగుడ్డ మీ భుజం మీదే ఉందిగా!"

మాధవరాజుకి ఒళ్ళు మండింది. "మంచంలో పడుకుని అన్నీ చూస్తున్నట్టే చెబుతావేంటే!" అంటూ విసురుగా వెనక్కి తిరిగాడు. మరుక్షణం ఆయన కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

వంటింటి గుమ్మం పట్టుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడి, కసురుకుంది సూర్యావతి. "ముందు గిన్నె దించండి, తర్వాత ఏడుద్దురుగాని!"