పేరు పెట్టి ప్రార్థన

పెద్దపంజాణి బడిలో టీచరు జెకర్యా, మదనపల్లెలోని మిషన్ బళ్ల ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసు చూసుకునే సలోమి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

“మా ఇంటామెకు బాగలేదని ప్రార్థన మనవి మెయిల్ పెట్టినాను గదమ్మా. శానామందికి పంపినా, జవాబిచ్చింది మీరొక్కరే. అదీ పంపిన నిమిషానికే.”

సలోమి తల దించుకుంది.

“పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నానని రాసినారు. ఆమెకు సూపిస్తే, దాన్నే మళ్లీ మళ్లీ సదువుకునింది. నెమ్మదిగా పండుకునింది. తెల్లారి లేయలేదమ్మా.”

“కూర్చోండి సార్,” అంది సలోమి.

“ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాము. మీరే ప్రార్థన చెయ్యల్ల. ఆమె పేరు మీ నోట వినల్లని ఉండాది.”

వస్తానంది.

వచ్చిపడే మెయిళ్లు చదవలేక, ప్రార్థన మనవులన్నిటికీ దానంతటదే వెళ్లేలా ఆ జవాబును ముందే పెట్టి ఉంచింది సలోమి. వచ్చినవి వచ్చినట్టే, తెరవకుండా పక్కకు పోతున్నాయి.

జెకర్యా గుమ్మం దాటబోతుంటే పిలిచింది. అతను ఆగి, వెనక్కి తిరిగాడు.

చనిపోయిన మనిషి పేరేమిటని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.